పాత పేరు, కొత్త యంత్రము



పోయిన కార్తికమాసమున, మన చెన్నపట్నమునకు ఏటేటా తప్పని ఈశాన్యపు వాన ఎడతెరపి లేక కురియుచున్న ఒక రాత్రి, తొమ్మిది గంటలు దాటిన పిమ్మట, పాత మహాబలిపురము రోడ్డున ఒక కంపెనీలో ప్రోగ్రాములు వ్రాయు మా మేనకోడలు, తాను నిలువెల్ల తడిసినను ల్యాప్‌టాపు తడియరాదని దానిని చున్నీలో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్లు రెండు చేతులతో ఎత్తుకొని మా గుమ్మములో అడుగుపెట్టినది. నేను ముప్పదియేండ్లకు పైగా కంప్యూటర్లతో కాపురము చేసి ఇప్పుడు విశ్రాంతి తీసికొనుచున్న వాడను గనుక, ఇంగ్లీషు మందులు పనిచేయనప్పుడు వీథి చివరి ముసలి వైద్యుడు జ్ఞాపకము వచ్చినట్లు, ఈ కాలపు పిల్లలకు తమ యంత్రములు మొండికెత్తినప్పుడు నేను జ్ఞాపకము వచ్చుట కద్దు.

"మామయ్యా, నిన్న సాయంత్రం దాకా బాగానే నడిచింది. నేనేమీ మార్చలేదు. పొద్దున్నించి డేటాబేసు లోపలికే రానివ్వడం లేదు" అన్నది.

'నేనేమీ మార్చలేదు' అను వాక్యమును నా ఉద్యోగకాలమున నేను విన్నన్ని మారులు మరి యే వాక్యమును విని యుండలేదు. చెప్పినవారిలో అబద్ధమాడినవారు మిక్కిలి తక్కువ. వారు మార్చలేదన్న మాట నిజము. వారి చేయి తగులకుండ మారినది ఏదో ఒకటి ఉన్నదన్న మాటయు నిజము. ఈ రెండు నిజముల నడుమ ఉన్న ఇరుకు సందులోనే మా వృత్తివారి బ్రతుకంతయు గడచిపోవును.

తువ్వాలు ఇచ్చి, వేడి కాఫీ త్రాగించి, తెర చూచితిని. ఎర్ర అక్షరములు నూరు వరుసలకు తక్కువ కాకుండ బారులు తీరియున్నవి. దానికి జడిసి పిల్లలు మొదటి వరుసయో, చివరి వరుసయో చదివి ఊరకుందురు. నిజమునకు అందులో ముప్పాతికమువ్వీసము, యంత్రము తాను ఏ త్రోవన వచ్చి ఏ మలుపున పడినదో చెప్పుకొను ఏకరువు మాత్రమే. కాలికి తగిలిన రాయి ఏదో చెప్పు వరుస ఒక్కటే యుండును. అది 'ఇందుకు కారణము' అను అర్థమిచ్చు మాటతో మొదలై ఆ దండకము నడుమ ఎక్కడనో నక్కియుండును. వెదకగా దొరికినది. టైమ్‌జోన్ అను అంశమునకు 'ఆసియా/కాల్కటా' అన్న విలువ చెల్లదని డేటాబేసు చెప్పుచున్నది.

"ఈ లైను పొద్దున్నించీ చూస్తూనే ఉన్నాను. కానీ నేనెక్కడా కలకత్తా అని రాయలేదే! అది ఇంకెవరిదో అనుకున్నాను" అన్నది మా అమ్మాయి.

చెన్నపట్నములో కూర్చుండి, ఇక్కడి దుకాణముల లెక్కలు చూచు ప్రోగ్రాము వ్రాయుచుండగా నడుమ కలకత్తా ప్రసక్తి ఏల వచ్చినది? ఆ సంగతి చెప్పుటకు నేను కొంత దూరము నుండి నడచి రావలసియున్నది. శ్రోతలు ఓపిక పట్టుదురని నమ్ముచున్నాను.

ఈ కాలమున ప్రోగ్రాము వ్రాయువాడు ఎవ్వడును మొదటినుండి తుదివరకు తానే వ్రాసికొనడు. పెండ్లివంటకు కుదిరిన వంటాయన మిరప నారు పోయడు, ఉప్పు పండింపడు. సామాను చీటీ వ్రాసి పెండ్లివారి చేతికిచ్చును. ప్రోగ్రామరును అట్లే తనకు కావలసిన పరుల ప్రోగ్రాముల పేళ్లను ఒక ఫైలులో వ్రాసి, ఒక్కొక్క పేరు ప్రక్కన అది ఎన్నవ వెర్షను కావలెనో సూచించును. ఆ చీటీ పట్టుకొని గిడ్డంగికి పోయి సామాను మోసికొని వచ్చు పనివానికే ప్యాకేజీ మేనేజరని పేరు. పూర్వము మన పెద్దలు కొత్వాలుచావడికి పంపిన పనివాడు చీటీలో ఉన్నది మాత్రమే తెచ్చెడివాడు. వీడు అంతటితో ఆగడు. ఇంగువ తెమ్మన్నచో, దుకాణపు ఇంగువలో గోధుమపిండి కలియును గనుక పిండిబస్తా ఒకటి, ఆ పిండిని విసరుటకు తిరగలి ఒకటి, ఆ తిరగలికి రాయి కొట్టు ఉలి ఒకటి, ఇట్లు ఒకదానికొకటి ఆధారమైన వస్తువులన్నింటిని వెదకి తెచ్చును. పది పేళ్ల చీటీకి వేయి పొట్లములు ఇంట దిగుట ఈ వృత్తిలో వింత కాదు.

ఈ ఆధారముల గొలుసు ఎంత పొడవైనదో లోకమునకు తెలిసివచ్చినది 2016 మార్చి 22వ తేదీన. అజెర్ కొచులు అను ప్రోగ్రామరు, ఒక పేరును గూర్చి ఒక కంపెనీతో తనకు వచ్చిన తగవులో గిడ్డంగివారు ఆ కంపెనీ పక్షము వహించిరని అలిగి, ఎన్‌పీఎమ్ అను గిడ్డంగిలో తాను ఉంచిన రెండువందల డెబ్బదికి పైచిలుకు ప్యాకేజీలను ఒక్కమారుగా తీసివేసెను. అందులో లెఫ్ట్‌ప్యాడ్ అనునది ఒకటి. వాక్యమునకు ఎడమ ప్రక్కన ఖాళీలు చేర్చుట తప్ప అది మరి యే పనియు చేయదు. మొత్తము పదునొకండు వరుసలు. దానిపై ఆధారపడినవారు, వారిపై ఆధారపడినవారు, మరల వారిపై ఆధారపడినవారు ఉండుటచే, ఆ పేరైనను ఎన్నడు విననివారి పనులు ఖండఖండములయందు కొంతసేపు నిలిచిపోయినవి. ఆ తగవు పుట్టినది ప్రోగ్రామును గూర్చి కాదు, ఒక పేరును గూర్చియే యన్న మాటను శ్రోతలు గుర్తుంచుకొందురు గాక.

రెండు ప్యాకేజీలు ఒకే మూడవదానిని కోరి, ఒకటి దాని పాత వెర్షను కావలెననియు, రెండవది కొత్తది తప్ప పనికిరాదనియు పట్టుపట్టినప్పుడు పుట్టు చిక్కు వేరు. సాంబారునకు ఒకరి కారము, పులిహోరకు ఇంకొకరి కారము కావలెను, డబ్బా మాత్రము ఒక్కటే. పూర్వము ఎన్‌పీఎమ్ అనియే పేరుగల ప్యాకేజీ మేనేజరు ఇట్టి సందర్భమున ఏదో గొణిగి ముందుకు సాగిపోయెడిది. 2020లో వచ్చిన ఏడవ వెర్షను నుండి, తగవు తీరువరకు అడుగు వేయనని నిలిచిపోవుట నేర్చినది. పైథాను భాషవారి పిప్ అను ప్యాకేజీ మేనేజరు సైతము ఆ యేడు చివరనే ఈ నియమమును పట్టినది. అప్పటినుండి, చూచియు చూడనట్లు పొమ్మని యంత్రమునకు చెప్పు స్విచ్చు ఒకటి పిల్లలందరికి కంఠస్థమైనది. గొంతులో ముల్లు గ్రుచ్చుకొన్నవాడు ఇంకొక ముద్ద మ్రింగి దానిని క్రిందికి త్రోయవచ్చును; అది దిగినను దిగవచ్చును. ఆ స్విచ్చు వాడినవారిని నేను నిందింపను, నేనును వాడితిని. వాడిన దినమున ఎందుకు వాడితినో ఒక వరుస వ్రాసి పెట్టుకొననందుకు మాత్రము ఆరునెలల తరువాత నన్ను నేనే నిందించుకొంటిని.

మా అమ్మాయి చిక్కు ఈ రెండింటిలోనిది కాదు. ఆమె వాడు డేటాబేసు పోస్ట్‌గ్రెస్. అది ఆమె ల్యాప్‌టాపులో డాకరు అను పెట్టెలో ఉండును. డాకరు పెట్టె అనగా, ఒక ప్రోగ్రామును, దానికి కావలసిన సమస్త సంభారములతో, ఆవకాయ జాడీ వలె మూతపెట్టి ఎక్కడికైనను పంపుటకు వీలుగా కట్టిన మూట. ఏ జాడీ కావలెనో కాన్ఫిగరేషను ఫైలులో వ్రాయవలెను. అందులో వెర్షను సంఖ్యకు బదులు 'లేటెస్టు' అని వ్రాసియున్నది.

"నువ్వు ఈ మధ్య ఏమైనా తుడిచావా?" అని అడిగితిని.

"డిస్కు నిండిపోయిందని నిన్న రాత్రి పాత ఇమేజీలు తీసేశాను, అంతే. అది మార్చడం ఎలా అవుతుంది మామయ్యా?"

అదియే మార్పు. ఇంట ఉన్న పాత జాడీని పారవేసినది గనుక, ఉదయమున పనివాడు మరల గిడ్డంగికి పోయి 'లేటెస్టు' అను చీటీ అంటించిన జాడీని తెచ్చెను. చీటీ అదే, జాడీ వేరు. పాత జాడీ డెబియన్ 12 పై కట్టినది. కొత్తది డెబియన్ 13 పై కట్టినది. డెబియన్ అనగా 1993లో ఇయాన్ మర్డాక్ అను విద్యార్థి, తన పేరును తన ప్రియురాలు డెబ్రా పేరును సంధి చేసి నామకరణము చేసిన లినక్సు కూటమి. ప్యాకేజీలను క్రమముగా అమర్చు విద్యలో దానికి పెద్ద పేరు. మన ఊరివారికి అది పరాయిది కాదు. సీ-డ్యాక్ అను సంస్థవారి చెన్నై శాఖ, ప్రభుత్వ కార్యాలయముల కొరకును పాఠశాలల కొరకును తీర్చిన బాస్ లినక్సు ఈ డెబియన్ కుదురు నుండి మొలచినదే. డెబియన్ వారు తమ వెర్షనులకు ఒక బొమ్మల సినిమాలోని పాత్రల పేళ్లు పెట్టుదురు. డెబియన్ 12 బుక్‌వర్మ్, 13 ట్రిక్సీ. బాస్ వారు తేజస్, దృష్టి, ఉన్నతి అని సంస్కృతపు పేళ్లు పెట్టిరి. నా చెవికి రెండవవి ఇంపుగా ఉన్నవని ఒప్పుకొనుచున్నాను.

ఇక 2025 ఆగస్టులో వెలువడిన ఈ ట్రిక్సీలో, ప్రపంచమునందలి ఊళ్ల కాలమానములను చెప్పు టీజెడ్‌డేటా అను ప్యాకేజీని రెండుగా చీల్చిరి. ఇప్పటి పేళ్లు ఒక దానిలో నిలిచినవి. వాడుక తప్పిన పాత పేళ్లన్నియు 'లెగసీ' అను మరియొక ప్యాకేజీకి తరలినవి. మనదేశపు కాలమానమునకు ఆ పట్టికలో ఇప్పటి పేరు 'ఆసియా/కోల్‌కతా'. పాత పేరు 'ఆసియా/కాల్కటా'. కొత్త జాడీలో మొదటి ప్యాకేజీ మాత్రమే యున్నది. మా అమ్మాయి ల్యాప్‌టాపు విండోస్. అది తన సమయమును 'ఇండియా స్టాండర్డ్ టైమ్' అని చెప్పుకొనును. ఆమె ప్రోగ్రాము వ్రాసిన జావా భాష ఆ మాటను తన లోపలి పట్టికలో వెదకి, ఒకసారి పెట్టిన గుర్తును మార్చరాదను నియమముచే నేటికిని అట్లే నిలిచియున్న 'ఆసియా/కాల్కటా'గా అనువదించును. డేటాబేసు వాకిట నిలిచి తలుపు తట్టునప్పుడు ఆ పేరునే చెప్పుకొనును. లోపలివానికి ఆ పేరుగల వారెవ్వరును తెలియరు. తలుపు తీయలేదు.

ఇందులో తప్పెవరిది? ఎవ్వరిని పట్టుకొన్నను తమ పని తాము ధర్మముగా చేసినట్లే కనబడుదురు. పట్టణము పేరు 2001లో మారినది గనుక పట్టిక మార్చినవారిది న్యాయము. పాతవారి పనులు చెడరాదని పాత పేరునే నిలిపిన జావావారిది న్యాయము. ఇప్పటి పేళ్లను పాతవాని నుండి వేరుచేయుటకై ప్యాకేజీని రెండు చేసినవారిదియు న్యాయమే. మూడు న్యాయములు కలిసి ఒక అమ్మాయి దినమంతయు పాడుచేసినవి.

పేరు మారిన ఊరిలో బ్రతుకుట ఎట్లో మనకు ఒకరు నేర్పనక్కరలేదు. 1639లో ఫ్రాన్సిస్ డే ఈ సముద్రపుటొడ్డున ఇసుక నేల సంపాదించినప్పుడు, దానిని ఇచ్చిన దామెర్ల వేంకటపతి తన తండ్రి చెన్నప్పనాయకుని పేర చెన్నపట్నమని పిలువవలెనని కోరెనని చెప్పుదురు. దొరలు మద్రాసు అనిరి. 1996లో ప్రభుత్వము చెన్నై అన్నది. ఐనను హైకోర్టు మద్రాసు హైకోర్టే, విశ్వవిద్యాలయము మద్రాసు విశ్వవిద్యాలయమే, గిండీలోని ఐఐటీ మద్రాసు ఐఐటీయే. నెల్లూరు నుండి వచ్చు మా బంధువులు రైలు దిగి 'పట్నం వచ్చాం' అందురు. మనుష్యుడు ఈ మూడు పేళ్లను ఒకే గుండెలో పెట్టుకొని, ఎవరితో మాట్లాడునప్పుడు ఏది వాడవలెనో తడుముకొనకుండ ఎరుగును. యంత్రమునకు ఆ లౌక్యము లేదు; 'వాడే వీడు' అని ఒకరు పట్టికలో వ్రాసియుంచినంతవరకే అది ఎరుగును, ఆ వ్రాసిన కాగితము ఒక ప్యాకేజీ నుండి ఇంకొక ప్యాకేజీకి తరలినచో మరచును.

కాలమానపు సంగతి వచ్చినది గనుక, నుంగంబాక్కములో కాలేజీ రోడ్డునందలి వాతావరణ కార్యాలయపు ఆవరణలో నిలిచియున్న ఒక రాతి స్తంభమును గూర్చి చెప్పక ముందుకు పోలేను. 1792లో ఈస్టిండియా కంపెనీవారు అక్కడ నక్షత్రశాల కట్టించి, దూరదర్శిని అదరకుండ నిలుచుటకు గ్రానైటు రాతితో ఆ స్తంభమును నాటించిరి. గణితశాస్త్రములు ఆసియాలో తాము ఎప్పుడు నాటితిమో వెయ్యేండ్ల తరువాతివారు తెలిసికొందురు గాక యని దానిమీద లాటినులోను, తమిళమునందును, తెలుగునందును, హిందుస్తానీలోను చెక్కించిరి. ఆర్యభటుడు పుట్టిన ఖండములో గణితమును తామే నాటితిమనుకొన్న ఆ దొరల వినయమును చూచి నవ్వుకొనవచ్చును గాని, తెలుగక్షరములు మాత్రము ముచ్చటగా నున్నవి. ఆ నక్షత్రశాలలోనే చింతామణి రఘునాథాచార్యులు పనిచేసెను. 1867లో ఒక చరకాంతి తారను కనుగొనెను. పాత పంచాంగ గణితము కంటికి కనబడు ఆకాశముతో సరిపడుటలేదని, దృక్సిద్ధమైన గణితమును ప్రచారము చేసెను. ఈ ఊళ్లో నేటికిని వాక్య పంచాంగము చూచువారికి ఒక దినము, దృక్ పంచాంగము చూచువారికి మరియొక దినము పండుగ వచ్చుటయు, రెండు వెర్షనుల తగవు కాక మరేమి?

ఆ నక్షత్రశాల గడియారమే చిరకాలము దేశమునందలి రైళ్లకు ప్రమాణము. కలకత్తా ఒక సమయము, బొంబాయి ఒక సమయము పాటించు కాలమున, రెంటికి నడుమనున్నదని రైళ్లవారు మద్రాసు కాలమును గ్రహించిరి. 1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలము వచ్చి, మన కాకినాడకు సమీపముగా పోవు ఎనుబదిరెండున్నర డిగ్రీల రేఖాంశము లెక్కకు ఆధారమైనది. ఇది పాత చరిత్ర, పోయినదే పోయినది అని శ్రోతలు అనుకొనవచ్చును. పోలేదు. మా అమ్మాయి డేటాబేసును నిలిపివేసిన ఆ పట్టికలో, 1870 నుండి 1905 తుదివరకు ఈ దేశపు గడియారము గ్రీనిచ్చి కంటె 5 గంటల 21 నిమిషముల 10 సెకండ్లు ముందున్నదని, 'ఎమ్ఎమ్‌టీ' అను గుర్తుతో, మద్రాసు కాలము నేటికిని వ్రాసియున్నది. ఆ పట్టికను మొదట ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ అను అమెరికను కూర్చెను. పిమ్మట పాల్ ఎగర్ట్ సాకుచున్నాడు. ప్రపంచమునందలి సర్వర్లలో పెక్కింటికి కాలము చెప్పు ఈ మహాగ్రంథముపై 2011లో వ్యాజ్యము వేసినది ఎవరో ఊహింపగలరా? జాతకముల ప్రోగ్రాములు అమ్ముకొను ఒక జ్యోతిషపు కంపెనీ! పాత కాలమానములు తమ పుస్తకము నుండి తీసినవని వారి ఆరోపణ. మరుసటి యేడు వారే దానిని ఉపసంహరించుకొనిరి.

కాన్ఫిగరేషను తప్పులయందు నన్ను ఎక్కువగా ఏడిపించినవి ఇట్టి పేళ్ల తగవులు కావు, కంటికి కనబడని అక్షరములు. విండోస్‌లో వ్రాసిన ఫైలునందు ప్రతి వరుస చివర, పాత టైపుమిషను బండిని వెనుకకు లాగు పనికి గుర్తుగా, ఒక అదనపు అక్షరముండును. లినక్సు సర్వరునకు అది పరాయిది. పాస్‌వర్డు సరిగానే వ్రాసితిమనుకొందుము. సర్వరునకు దాని తోక గూడ కనబడును, 'తప్పు' అనును. కనబడని అక్షరము ఎంత పని చేయునో తెలుగువారికి 2018 ఫిబ్రవరిలో అనుభవమైనది: మన 'జ్ఞా' అను సంయుక్తాక్షరము నడుమ అతుకు విడదీయు అదృశ్యపు గుర్తొకటి చేరి వచ్చినచో ఐఫోనులు స్తంభించిపోయెడివి. జ్ఞానము భరింపలేక పడిపోయిన ఫోను అని అప్పుడు నవ్వుకొంటిమి. ఇక యామల్ అను కాన్ఫిగరేషను భాషలో, పైథాను వెర్షను 3.10 అని కొటేషను గుర్తులు లేక వ్రాసినచో అది దశాంశ సంఖ్యయని భావించి చివరి సున్నను తుడిచి 3.1 గా గ్రహించును. అందులోనే నార్వే దేశపు రెండక్షరముల గుర్తు 'ఎన్ఓ' అని వ్రాసినచో, దానిని 'కాదు' అను ఇంగ్లీషు మాటగా చదివి, దేశమునే అసత్యముగా నిర్ణయించును.

తప్పు చిన్నదైనను సర్వర్లకు ఎక్కించు పద్ధతిలో జాగ్రత్త లేకున్న ఎంతదూరము పోవునో మన మీనంబాక్కము విమానాశ్రయమున 2024 జులై 19, శుక్రవారమున కన్నులార చూచితిమి. క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతా సంస్థ ఆ ఉదయము, మన సమయము ప్రకారము 9 గంటల 39 నిమిషములకు, తన ప్రోగ్రామును కాదు, దానికి సూచనలిచ్చు ఒక చిన్న కాన్ఫిగరేషను ఫైలును మాత్రము పంపినది. ఆ ఫైలు ఇరువదియొక్క గడుల లెక్కతో వ్రాసినది. చదువు ప్రోగ్రామునకు అందినవి ఇరువది. లేని గడిలో చేయి పెట్టిన యంత్రము అక్కడికక్కడే కూలినది. 78 నిమిషములలో ఫైలును వెనుకకు తీసికొనిరి. కాని అప్పటికే ఎనుబదియైదు లక్షల విండోస్ యంత్రములు పడియున్నవని మైక్రోసాఫ్టు లెక్క చెప్పినది. ఇక్కడను, శంషాబాదులోను ప్రయాణికులకు బోర్డింగు పాసులు కలముతో వ్రాసి యిచ్చిరి. పడిన యంత్రములలో వేలకొలదిని ఎవరో ఒకరు ఎదుట కూర్చుండి, ఒక్కొక్కదానిని వేరు పద్ధతిలో మేల్కొలిపి, ఆ ఫైలును చేతితో తుడువవలసి వచ్చినది. ప్రోగ్రామును పంపునప్పుడు పదిమంది చూచి, పదిచోట్ల నడిపి చూచి పంపు వారే, 'ఇది కాన్ఫిగరేషనే కదా' యని దీనిని ఒక్కసారిగా అందరికి వదలిరి. ఈ 'కదా' అను మాట ఎంత ప్రమాదకరమైనదో నేను చూచితిని.

తప్పు వెదకు పద్ధతిని గూర్చి నన్ను అడిగినవారికి నేను కంప్యూటరు పుస్తకము పేరు చెప్పను, సీ.పీ. బ్రౌను చేసిన పని చెప్పుదును. ఆయన, చిత్రమేమనగా, కలకత్తాలోనే పుట్టినాడు, 1798లో. కడపలో బంగళా కొని, పండితులను జీతములిచ్చి కూర్చుండబెట్టి, ఒక్కొక్క గ్రంథమునకు దొరికినన్ని తాటాకు ప్రతులు తెప్పించి, ఒకరు చదువుచుండ మరియొకరు ఇంకొక ప్రతిలో చూచుచు, ఎక్కడెక్కడ పాఠము తేడాపడినదో గుర్తింపజేసెను. ఏ ప్రతి గొప్పదియని ముందుగా నిర్ణయించుకొనలేదు. తేడా ఎక్కడ నున్నదో మొదట చూచెను, ఏది సరియైనదో తరువాత ఆలోచించెను. పనిచేయు యంత్రము ఒకటి, పనిచేయనిది ఒకటి ఎదుట ఉన్నప్పుడు చేయదగిన పని ఇదియే. రెండింటిలోని ప్యాకేజీల పట్టికలు వ్రాయించి, ప్రతులు సరిచూచినట్లు వరుస వరుసను సరిచూడవలెను. తేడాలన్నియు ముందు పెట్టుకొని, ఒక్కమారునకు ఒక్కటి మాత్రమే మార్చి, ఫలితము చూడవలెను. ఐదు ఒకేసారి మార్చి బాగుచేసినవాడు బాగుచేసినాడే గాని, ఏమి బాగుచేసెనో వానికిని తెలియదు. ఇక లాక్ ఫైలు అనునది, నిన్నటి దినమున ఏ పొట్లము ఏ కొట్టునుండి ఏ తూకమున వచ్చినదో కడపటి పొట్లము వరకు వ్రాసియుంచిన దస్తావేజు; చిక్కు వచ్చినప్పుడు దానినే మొదట తుడిచివేయు అలవాటు మన పిల్లలకు ఎట్లబ్బినదో తెలియదు. బ్రౌనుగారి పండితులు పాత ప్రతులను పొయ్యిలో పెట్టి తప్పులు పోయినవనలేదు.

మా అమ్మాయి పక్కింటి సహోద్యోగికి ఫోను చేసినది. ఆతడు జాడీలు తుడువలేదు గనుక ఆతని యింట పాతది పదిలముగా నున్నది. రెండు ప్రతులు దొరికినవి. ఆతని పట్టిక, ఈమె పట్టిక సరిచూడగా, పాతదానిలో నున్న 'కాల్కటా' కొత్తదానిలో లేదు. దారులు మూడు కనబడినవి: జావా మొదలగునప్పుడే నీ ఊరు 'కోల్‌కతా' యని చెప్పుట, లెగసీ ప్యాకేజీని జాడీలోనికి ఎక్కించుట, 'లేటెస్టు' తీసివేసి పాత వెర్షను సంఖ్య వ్రాయుట. మూడవది ఆ రాత్రికి సులువు. కాని పాత జాడీ ఎల్లకాలము అమ్మరు. నేను మొదటి దారిని సూచించితిని. ఆమె మొదటిదియు చేసి, 'లేటెస్టు' స్థానమున సరియైన సంఖ్యను గూడ వ్రాసి, ఎందుకు వ్రాసినదో దాని ప్రక్కన ఇంగ్లీషులో రెండు వరుసలు చేర్చినది. డేటాబేసు తలుపు తెరచినది. వాన అప్పటికి సన్నగిల్లినది.

వెళ్లబోవుచు గుమ్మము వద్ద ఆగి, మద్రాసు కాలము ఇంకను పట్టికలో ఉన్నదని నేను చెప్పిన మాట ఆమెకు నమ్మకము కాలేదో యేమో, మరల కూర్చుండి ల్యాప్‌టాపు తెరచినది. మా ఇంటి దేవుని అరలోనున్న పాత జాతకపు కట్టలో మా తాతగారిది ఒకటి యున్నది. 1899లో, నెల్లూరులో పుట్టినాడు. ఆయన పుట్టిన దినమును, ఘడియలను గంటలుగా మార్చి, జావాకు ఇచ్చి, ఆసియా/కోల్‌కతా సమయములో చెప్పుమన్నది. జవాబు ఒక వరుసలో వచ్చినది. తేదీ, గంటలు, నిమిషములు, వాని చివర గ్రీనిచ్చితో తేడా: ఐదున్నర గంటలు కాదు, 5 గంటల 21 నిమిషముల 10 సెకండ్లు.

"తాతయ్యకి ఇంకా మద్రాసు టైమే నడుస్తోంది మామయ్యా" అని, ల్యాప్‌టాపును మరల చున్నీలో చుట్టుకొన్నది.